చూయింగ్ గమ్‌కి ఆ తెలుపు ఎక్కడిది? యూరప్ వద్దన్న ‘171’.. మన దగ్గర ఇంకా ఓకే!

చూయింగ్ గమ్ మీద తెల్లటి పూత, కేకుల మీద ఐసింగ్, రంగు క్యాండీల మీద నిగనిగలాడే పొర.. వీటిలో చాలావాటికి ఆ తెలుపు తెచ్చేది ఓ పొడి. పేరు టైటానియం డయాక్సైడ్. గోడలకు వేసే తెల్ల పెయింట్‌లో, టూత్‌పేస్ట్‌లో, సన్‌స్క్రీన్‌లో కూడా ఇదే ఉంటుంది. తిండిలో వాడే రకానికి యూరప్‌లో ‘ఈ171’ అని, మన ప్యాకెట్ల మీద ‘ఐఎన్‌ఎస్ 171’ అని నంబర్ ఉంటుంది. దీనికి రుచి లేదు, పోషకం అసలే లేదు. చూడ్డానికి బాగుండటానికే వాడతారు.

దశాబ్దాలుగా వాడుతున్న ఈ పొడిని యూరోపియన్ యూనియన్ 2022లో ఆహారంలో నిషేధించింది. అమెరికా, ఇండియాలో మాత్రం అనుమతి ఉంది. ఎందుకిలా?

చిక్కంతా సైజుతోనే!

మిల్లీమీటర్‌ను పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటర్. మన తలవెంట్రుక మందమే దాదాపు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు. అలాంటిది 100 నానోమీటర్ల కంటే చిన్నవాటిని నానో కణాలు అంటారు. ఈ171ని నానో పొడిగా కావాలని తయారు చేయరు. కానీ అందులో ఉండే కణాలను లెక్కపెడితే సగం వరకు ఈ సైజులోనే ఉండొచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ ఎఫ్సా చెప్పింది. తిన్నదాంట్లో దాదాపు అంతా మలంలో బయటికి పోతుంది. పేగు గోడ దాటి లోపలికి వెళ్లేది చాలా తక్కువే. అయితే ఆ కొంచెం శరీరంలో పేరుకుపోవచ్చన్నది అనుమానం.

2016లో ఇదే ఎఫ్సా పెద్దగా భయం లేదంది. 2017లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకలకు 100 రోజులు ఈ171 ఇచ్చి చూస్తే, కొన్నింటి పెద్దపేగులో క్యాన్సర్‌కు ముందు దశలాంటి మార్పులు కనిపించాయి. 2020 జనవరి 1 నుంచి ఫ్రాన్స్ సొంతంగా బ్యాన్ పెట్టేసింది. 2021 మేలో ఎఫ్సా కూడా మాట మార్చింది. ఇక్కడ ఒకటి గమనించాలి.. ఇది విషం అని ఎఫ్సా అనలేదు. డీఎన్‌ఏ దెబ్బతినే అవకాశాన్ని కొట్టిపారేయలేమని, అందుకే రోజుకు ఇంత తింటే ఫర్వాలేదు అని లిమిట్ పెట్టలేమని చెప్పింది.

అందరూ ఒప్పుకోలేదు

కెనడా ఆరోగ్య శాఖ 2022లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్‌ఏఓ ఉమ్మడి నిపుణుల కమిటీ 2023లో ఇవే అధ్యయనాలు చూసి, నిషేధించేంత ఆధారం లేదన్నాయి. చాలా ప్రయోగాల్లో కణాలను నీళ్లలో ప్రత్యేకంగా విడదీసి ఇచ్చారు, మనం తిండితో పాటు తినేది అలా ఉండదు అన్నది వాళ్ల వాదన. 1979లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో మేతలో 5 శాతం వరకు కలిపి రెండేళ్లు పెట్టినా ఎలుకల్లో క్యాన్సర్ పెరగలేదు. అమెరికాలో ఇప్పటికీ ఆహారం బరువులో 1 శాతం వరకు వాడొచ్చు, 1966 నుంచీ ఇదే రూల్.

సైన్స్ తేలకపోయినా ఒక మాట చెప్పొచ్చు. ఉప్పులాగానో, ప్రిజర్వేటివ్‌లాగానో ఇది లేకపోతే తిండికి వచ్చే నష్టమేమీ లేదు. పైగా క్యాండీలు, గమ్‌లు ఎక్కువ తినేది పిల్లలే. శరీర బరువుతో పోలిస్తే వాళ్లకు అందే మోతాదు పెద్దవాళ్ల కంటే ఎక్కువ.

మన దగ్గర ఎలా కనిపెట్టాలి?

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం చూయింగ్ గమ్ లాంటి కొన్నింట్లో దీన్ని వాడొచ్చు. ప్యాకెట్ వెనక పదార్థాల లిస్టులో ‘కలర్’ అన్న మాట దగ్గర 171 ఉందేమో చూడండి. 551 కనిపిస్తే అది వేరే.. పొడులు గడ్డకట్టకుండా వేసే సిలికా. అందులోనూ నానో సైజు కణాలు ఉంటాయి. స్వీట్ల మీద అంటించే వెండి రేకు నంబర్ 174. దీని గురించి తేల్చడానికి సరిపడా డేటా లేదని ఎఫ్సా 2016లోనే చెప్పింది. స్వీట్ షాపులో విడిగా కొనే కాజు కత్లీకి లేబుల్ ఎక్కడుంటుంది చెప్పండి!

తెల్లటి మాత్రల పైపూతలోనూ టైటానియం డయాక్సైడ్ ఉంటుంది. మందుల కొరత వస్తుందని యూరప్ కూడా వాటిలో నిషేధించలేదు. కాబట్టి ఇది చదివి బీపీ, షుగర్ మాత్రలు మానేయకండి.