గడువు హెచ్చరికల పూర్వచరిత్ర

డబ్బు కట్టి వాడుకునే సాఫ్ట్‌వేర్‌లో పని మధ్యలో ప్రత్యక్షమై, చందా పునరుద్ధరించుకోమని పదే పదే ఒత్తిడి చేసే ప్రకటనల మూలాలు 1980ల తొలినాళ్ల అమెరికాలో ఉన్నాయి. 1982లో కాలిఫోర్నియాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ తన పీసీ-టాక్ ప్రోగ్రామును, వాషింగ్టన్ రాష్ట్రంలో ఐబీఎం ఉద్యోగి జిమ్ నాఫ్ తన పీసీ-ఫైల్ ప్రోగ్రామును ఎవరైనా నకలు తీసుకుని పంచుకోవచ్చని ప్రకటించి, ఉపయోగపడిందనిపిస్తే కొంత సొమ్ము పంపమని వాడుకరులను కోరారు. మైక్రోసాఫ్ట్‌ను వీడిన బాబ్ వాలస్ పీసీ-రైట్ ప్రోగ్రాముతో ఈ మార్గంలోకి వచ్చి, ముందు వాడి చూసి నచ్చితే వెల చెల్లించే ఈ పద్ధతికి ‘షేర్‌వేర్’ అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చారు. ఆయన డిస్కును 10 డాలర్లకు ఇచ్చి, 75 డాలర్లు కట్టి నమోదైనవారికి ముద్రిత వివరణ పుస్తకాన్నీ ఫోన్ సాయాన్నీ అందించడమే కాక, వారి నకలు ద్వారా మరొకరు నమోదైతే 25 డాలర్ల కమిషన్ కూడా ముట్టజెప్పేవారు. అడిగేవాడు తన పేరుతో అడగడం, కాదన్నవాడి పని ఆగకపోవడం ఆనాటి అభ్యర్థనకు గౌరవం తెచ్చిన లక్షణాలు.

అభ్యర్థనకు స్పందించేవారు కొద్దిమందే కావడంతో, ప్రోగ్రాము తెరిచినప్పుడల్లా అడ్డుపడి గుర్తుచేసే ‘న్యాగ్ స్క్రీన్’, అంటే నస పెట్టే తెర, 1990లలో సాధారణమైంది. ఫైళ్లను కుదించే విన్‌రార్ 40 రోజుల పరీక్షా గడువు దాటాక లైసెన్సు కొనమని ఒక చిన్న పెట్టెను చూపుతుంది. దాన్ని మూసేస్తే మాత్రం ప్రోగ్రాము యథాప్రకారం పనిచేస్తుంది. ఇది విసిగించేదే అయినా బెదిరించేది కాదు.

బెదిరింపు యాంటీవైరస్ వ్యాపారంతో వచ్చింది. కొత్త వైరస్‌లను గుర్తించే సమాచారాన్ని నిరంతరం సమకూర్చవలసి ఉండటం వల్ల ఏడాది చందా అడగడం న్యాయమే; కానీ కొత్త కంప్యూటర్‌తో పాటే వచ్చిన పరీక్షా ప్రతి గడువు ముగియగానే, గడియారం పక్కనున్న గుర్తు ఎర్రబడి, రక్షణ పోయిందనే హెచ్చరిక మళ్లీ మళ్లీ వెలువడేది. కంప్యూటర్ గురించి అంతగా తెలియనివారికి అది వైరస్ సోకిందన్న వార్తలాగే కనిపించేది. మరోవైపు, ఒకసారి కార్డు వివరాలిచ్చినవారి నుంచి ఏటా సొమ్ము దానంతటదే వసూలయ్యే సంగతిని యాంటీవైరస్ సంస్థలు స్పష్టంగా చెప్పలేదన్న ఆరోపణపై న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం దర్యాప్తు జరపగా, 2009 జూన్‌లో సిమాంటెక్, మెకాఫీ చెరి 3,75,000 డాలర్లు చెల్లించడానికి, పునరుద్ధరణకు ముందూ తర్వాతా వినియోగదారుకు తెలియజేయడానికి అంగీకరించాయి. రాబడి పోయేచోట కేకలు పెట్టి, రాబడి వచ్చేచోట మౌనం వహించిన ఈ ద్వంద్వ వైఖరే ఈ చరిత్రలో అసలు తప్పు.

చందా యాంటీవైరస్‌లకే పరిమితం కాలేదు. 2013లో డిజైన్ సాఫ్ట్‌వేర్ సంస్థ అడోబీ తన క్రియేటివ్ సూట్ కొత్త వెర్షన్లను శాశ్వత లైసెన్సుతో అమ్మడం మాని చందా పద్ధతికి మళ్లింది. అప్పటికే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 365 చందా రూపంలో అందుబాటులో ఉండగా, క్రమంగా అనేక సంస్థలు ఆ బాట పట్టడంతో, గడువు దాటితే పని చేతికందకుండా పోతుందన్న భయం వృత్తిపరుల నిత్యజీవితంలో భాగమైంది.

గుర్తుచేయడం ఎవరి మేలు కోసమన్న ప్రశ్నకు భారతదేశంలో రెండు నిబంధనలు సమాధానమిచ్చాయి. కార్డుల నుంచి దానంతటదే జరిగే వసూళ్లపై 2021 అక్టోబర్ 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు తెలియజేసి, వద్దనే అవకాశమివ్వాలి. రెండో నిబంధన వినియోగదారుణ్ని తప్పుదారి పట్టించే తెరల అమరికకు సంబంధించినది; అలాంటి అమరికను ‘డార్క్ ప్యాటర్న్’ అంటారు. 2023 నవంబర్ 30న వెలువడిన కేంద్ర మార్గదర్శకాలు అలాంటి 13 రకాలను నిషేధించగా, వాటిలో పదే పదే వేధించడం, చందా రద్దును కష్టతరం చేయడం కూడా ఉన్నాయి. ఇలాంటి వేధింపునకు గురైనవారు ఓపిక పట్టి ఊరుకోనవసరం లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు.