తడి గుడ్డలతో శాస్త్రీయ పద్ధతి: లింబాయత్ తెలుగు తరగతులకు అనువైన ప్రయోగం

గుజరాత్‌లోని సూరత్ నగర ఆగ్నేయ మండలంలో ఉన్న లింబాయత్ ప్రాంతం వస్త్ర పరిశ్రమ కార్మికులకు నిలయం. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వలస వెళ్లిన అనేక కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, దశాబ్దాల క్రితమే ఇక్కడ స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ పరిధిలోని ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలను నిర్వహిస్తోంది.

వస్త్రాల మధ్య పెరిగే ఈ పిల్లలకు శాస్త్రీయ పద్ధతిని బోధించడానికి ప్రయోగశాల అవసరం లేదు. ఒక నూలు గుడ్డ, ఒక పాలిస్టర్ గుడ్డ, వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు, గడియారం ఉంటే చాలు.

ప్రశ్న, పరికల్పన

పాలిస్టర్ త్వరగా ఆరుతుందని అందరికీ తెలుసు. ఎందుకు ఆరుతుంది? ప్రయోగానికి ముందే ప్రతి విద్యార్థీ తన ఊహను, దానికి కారణాన్ని పుస్తకంలో రాయాలి. ఇదే పరికల్పన.

మొదటి దశ

ఇంచుమించు ఒకే మందం గల రెండు గుడ్డలను 30 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి తూచాలి. రెండింటినీ నీటిలో ముంచి, ధారగా కారడం ఆగాక మళ్లీ తూచి, ఒకే చోట నీడలో ఆరవేయాలి. ప్రతి 10 నిమిషాలకు బరువు నమోదు చేయాలి. సాధారణంగా పాలిస్టరే ముందుగా ఆరుతుంది. అయితే నూలు గుడ్డ మొదటి నుంచే ఎక్కువ నీటిని పట్టి ఉంచినట్లు త్రాసు చూపుతుంది. అంటే ఇది సమానమైన పోటీ కాదు.

రెండో దశ

ఈసారి పొడి గుడ్డలపై సూది లేని సిరంజితో సరిగ్గా 10 మిల్లీలీటర్ల చొప్పున నీటిని సమంగా చల్లాలి. నీరు కారిపోకుండా చూసుకోవాలి. ఇప్పుడు ఆరే సమయాల మధ్య తేడా బాగా తగ్గవచ్చు. అలా జరిగితే, మొదటి ఫలితానికి పోగు రకం కంటే అది పట్టి ఉంచిన నీటి పరిమాణమే ముఖ్య కారణమని భావించవచ్చు. గుడ్డ, నీరు, గాలి, ఎండలలో ఒక్కదాన్నే మార్చి మిగిలినవాటిని స్థిరంగా ఉంచాలన్న సూత్రం ఇక్కడే బోధపడుతుంది.

నూలు స్వభావరీత్యా తేమను ఇష్టపడుతుంది. ప్రామాణిక వాతావరణంలో నూలు తన పొడి బరువులో సుమారు 8 శాతం తేమను పీల్చుకోగా, పాలిస్టర్ పీల్చుకునేది 0.4 శాతమే.

తప్పిన ఊహ విలువ

ప్రయోగాన్ని కనీసం మూడుసార్లు చేసి సగటు తీయాలి. ఒక జట్టుకు భిన్నమైన ఫలితం వస్తే దాన్ని కొట్టివేయకుండా, గాలి తగిలిందా, కొలత తప్పిందా అని వెతకాలి. తప్పిన ఊహను చెరిపివేసి పుస్తకంలోని జవాబు రాసుకుంటే మార్కులు రావచ్చు గానీ శాస్త్రం రాదు. అందుకే ఉపాధ్యాయులు సరైన ఊహకు కాకుండా నిజాయితీ గల నమోదుకు మార్కులు కేటాయించడం మేలు.

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడాన్ని పౌరుల ప్రాథమిక విధుల్లో ఒకటిగా పేర్కొంటోంది. తల్లిదండ్రులు నేసే గుడ్డనే మాతృభాషలో ప్రశ్నించడం ఆ విధికి తొలి మెట్టు కాగలదు.