గీత కొట్టిన ధర కథ: పండగ సేల్ ఎక్కడ మొదలైంది?

దసరా దగ్గర పడిందంటే ఆ సంగతి మనకన్నా ముందు మన ఫోన్‌కి తెలిసిపోతుంది. పొద్దున్న లేచేసరికి వరసగా నోటిఫికేషన్లు. టీవీ మీద అరవై శాతం తగ్గింపు, వాషింగ్ మెషీన్ మీద ఎక్స్‌చేంజ్, ఏసీకి వడ్డీ లేని వాయిదాలు. నొక్కి చూస్తే పెద్ద అక్షరాలతో ఒక ధర, పక్కనే సన్నగా గీత కొట్టిన ఇంకో ధర. మన చూపు పెద్ద అక్షరాల మీదే ఉంటుంది. ఇవాళ్టి ఎపిసోడ్ మాత్రం ఆ గీత కొట్టిన అంకె గురించి. అదెక్కడి నుంచి వచ్చింది, ఎవరు వేశారు, ఈ నలభై ఏళ్ళలో దాని చుట్టూ ఎన్ని రకాల ఆఫర్లు పుట్టాయి, ఇదీ మన కథ. మొదటి జీతంతో ఇంటికి టీవీ కొందామనుకునేవాళ్ళు కాస్త ఓపిగ్గా వినండి, ఎందుకంటే ఇందులో మీ రెండు మూడు వేలు ఉన్నాయి.

మొదట్లో అసలు తగ్గింపు అనే మాటే లేదు. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి, ఆ ఏడాదే దూరదర్శన్ రంగుల్లోకి మారింది. అంతకు ముందంతా నలుపు తెలుపే. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైందే 1977లో. మన దగ్గర చాలా ఇళ్ళల్లో మొదటి టీవీ ఈసీటీవీ. హైదరాబాద్‌లోనే ఉన్న ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ తయారుచేసింది. తర్వాత డయనోరా, సాలిడేర్, ఒనిడా. ఇంట్లో టీవీ పెట్టుకుంటే ఏటా లైసెన్సు ఫీజు కట్టాలి, 1980ల మధ్య దాకా అదే పద్ధతి. నమ్మబుద్ధి కాకపోతే ఇంట్లో తాతయ్యని అడగండి.

అప్పుడు డిస్కౌంట్ ఎందుకు లేదు? కొనేవాళ్ళు ఎక్కువ, సరుకు తక్కువ. బయటి దేశాల సరుకు మీద భారీ సుంకం. ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టాలన్నా ప్రభుత్వ లైసెన్సు కావాలి. ఈలోగా 1987లో రామాయణం సీరియల్, 1988లో మహాభారతం. టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పులు గుట్టపడే రోజులవి. అలాంటప్పుడు కొట్టువాడు "రండి రండి, తగ్గిస్తాను" అని ఎందుకు పిలుస్తాడు?

మరి పండగకే కొనడం అప్పుడు కూడా ఉందా అంటే, ఉంది. కారణం ముహూర్తం ఒక్కటే కాదు, చేతిలో డబ్బు. 1965 నాటి బోనస్ చట్టం ప్రకారం లెక్కల సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లోపు కార్మికుడికి బోనస్ ఇచ్చెయ్యాల్సి ఉండేది. మార్చిలో లెక్కలు మూసే కంపెనీకి గడువు నవంబరు ఆఖరు. అందుకే దసరా దీపావళికి బోనస్ ఇవ్వడం అలవాటైంది. సింగరేణి కార్మికులకి దసరా ముందు లాభాల వాటా, దీపావళికి ఇంకో బోనస్ వస్తాయి. కోల్‌బెల్ట్ ఊళ్ళల్లో ఆ వారం టీవీ, బైకు దుకాణాల సందడి చూస్తే విషయం అర్థమవుతుంది. అదే వ్యవసాయం మీద నడిచే ఊళ్ళల్లో ఖరీఫ్ వరి ఇంటికొచ్చాక, అంటే సంక్రాంతికి, పెద్ద కొనుగోళ్ళు. డబ్బు ఎప్పుడొస్తే సేల్ అప్పుడన్నమాట.

ఇక ఆ గీత కొట్టిన అంకె పుట్టుకకి వద్దాం. ప్యాకెట్ సరుకుల మీద ఏమేం ముద్రించాలో చెప్పే నిబంధనలు 1977లో వచ్చాయి. అప్పట్లో చాలా సరుకుల మీద ఒక ధర వేసి, పక్కన "స్థానిక పన్నులు అదనం" అని రాసేవాళ్ళు. ఆ అదనం ఎంతో కొనేవాడికి తెలీదు. పన్ను పేరు చెప్పి ఎంత పడితే అంత తీసుకునేవాళ్ళు. 1990లో ఆ నిబంధన మార్చారు. అన్ని పన్నులూ కలిపి గరిష్ఠ చిల్లర ధర వెయ్యాల్సిందే అన్నారు. మనం ఎమ్మార్పీ అంటున్నది అదే. మంచి ఉద్దేశంతో వచ్చిన చట్టం, సందేహం లేదు.

అయితే అందులో 'గరిష్ఠ' అనే మాట ఉంది చూశారా, దాన్ని గట్టిగా పట్టుకోండి. ఇంతకంటే ఎక్కువ తీసుకోవద్దని చట్టం చెప్పింది. టీవీకి, ఫ్రిజ్‌కి ఆ గరిష్ఠం ఎంత ఉండాలన్నది మాత్రం కంపెనీ ఇష్టం. ముప్పై ఎనిమిది వేలకి అమ్ముదామనుకున్న టీవీ మీద అరవై వేలు అని ముద్రించినా ఎవరూ అడగరు. తర్వాత ఆ అరవై మీద గీత కొట్టి ముప్పై ఎనిమిది అని చూపిస్తే, మన మనసులో ఇరవై రెండు వేలు మిగిలినట్టు లెక్క. ఆ టీవీ అరవై వేలకి ఒక్కరోజైనా, ఒక్కరికైనా అమ్మారా? ఆ సంగతి పేజీ మీద ఎక్కడా ఉండదు.

1991లో ఆర్థిక సంస్కరణలు వచ్చాయి. 1995లో సామ్‌సంగ్, 1997లో ఎల్జీ మన మార్కెట్‌లో దిగాయి. కానీ ఆ దశాబ్దంలో కొట్లలో మాట తీరునే మార్చింది ఆకాయ్. జపాన్ పేరున్న ఆ టీవీని బారన్ ఇంటర్నేషనల్ అనే భారతీయ కంపెనీ ఇక్కడ అమ్మింది. వాళ్ళ ప్రధాన ఆయుధం ఎక్స్‌చేంజ్. మీ ఇంట్లో ఉన్న పాత టీవీ పట్టుకురండి, అంత తగ్గించి కొత్తది తీసుకెళ్ళండి అన్నారు.

నిజానికి ఈ బేరం మన వీధులకి కొత్తేం కాదు. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడ బుట్ట నెత్తిన పెట్టుకుని ఎప్పటి నుంచో తిరుగుతోంది. ఆవిడతో మన అమ్మలు, అమ్మమ్మలు గంటసేపు బేరమాడతారు, రెండు చీరలకి గిన్నె ఇస్తానంటే మూత కూడా ఇమ్మంటారు. ఎందుకంటే పాత చీర విలువెంతో, ఆ గిన్నె విలువెంతో రెండూ వాళ్ళకి తెలుసు. టీవీ దగ్గరకొచ్చేసరికి ఆ తెలివి పనిచెయ్యదు. మూలన పడున్న నలుపు తెలుపు టీవీకి వేలల్లో విలువ కట్టారనగానే సంబరం. దాదాపు పనికిరాని పెట్టెకి కూడా అంత ఇస్తున్నారంటే, అది పెట్టె విలువ కాదు, కొత్త టీవీ మీద తగ్గింపుకే ఇంకో పేరు. పాత టీవీ లేనివాడు మాత్రం అదే టీవీకి పూర్తి ధర కట్టాలి. నా దృష్టిలో మన దేశంలో పండగ ఆఫర్లకి అసలు పునాది ఇదే. చూసినవాళ్ళు చూసినట్టు మిగతా కంపెనీలూ మొదలుపెట్టాయి.

ఇప్పుడు మీ యాప్‌లో కనిపించే ఎక్స్‌చేంజ్ కూడా దాని మనవడే. "గరిష్ఠంగా ఇంత" అని పెద్ద అంకె చూపిస్తారు. పాత ఫోన్ తీసుకెళ్ళడానికి గుమ్మం దగ్గరకొచ్చిన అబ్బాయి గీతలు, బ్యాటరీ చూసి చెప్పే అంకె వేరే ఉండొచ్చు.

తర్వాతి అధ్యాయం సున్నా వడ్డీ. 2000 తర్వాత వాయిదాల మీద కొనడం బాగా పెరిగింది. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకి గట్టిగా చెప్పింది. సున్నా వడ్డీ అనేది అసలు లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో కస్టమర్ మీదే వేస్తున్నారని. అక్కడితో ఆ పేరు వెనక్కి తగ్గింది. కొన్నాళ్ళకి 'నో కాస్ట్ ఈఎంఐ' అని కొత్త పేరొచ్చింది.

లెక్క చూద్దాం. టీవీ 30,000. క్రెడిట్ కార్డు మీద ఆరు వాయిదాలు, నెలకి 5,000. వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుంటే ఆరు నెలలకి సుమారు 1,270 అవుతుంది. ఆ మేరకు ముందే ధర తగ్గించి చూపిస్తారు, బ్యాంకు మాత్రం తన వడ్డీ తను తీసుకుంటుంది. ఇక్కడి దాకా సరే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 228 రూపాయలు, మీ జేబులోంచే. ప్రాసెసింగ్ ఫీజు 200 అనుకుంటే దాని మీద ఇంకో 36. మొత్తం 464. పెద్ద మొత్తం కాదు, నిజమే. కానీ అదే టీవీకి ఒకేసారి కట్టేవాళ్ళకి 1,500 తగ్గింపు ఉండి, వాయిదాలకి అది లేకపోతే, మీ 'నో కాస్ట్' ఖరీదు దాదాపు రెండు వేలు. కట్టే ముందు రెండు ఆప్షన్లూ నొక్కి చివరి పేజీ దాకా వెళ్ళి చూడండి, అక్కడ బయటపడుతుంది.

ఇప్పుడు 2014, అక్టోబరు 6. దసరా అయిపోయిన మూడో రోజు. ఫ్లిప్‌కార్ట్ మొదటిసారి బిగ్ బిలియన్ డే పెట్టింది. ఆ రోజు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సైట్ మాటిమాటికీ పడిపోయింది. బుట్టలో వేసిన వస్తువు డబ్బు కట్టేలోగా అయిపోయింది. కొన్ని ఆర్డర్లు రద్దయ్యాయి. పది గంటల్లో ఆరు వందల కోట్ల అమ్మకం జరిగిందని కంపెనీ ప్రకటించింది. మర్నాడే వ్యవస్థాపకులు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ కస్టమర్లకి క్షమాపణ ఉత్తరం రాశారు. సేల్‌కి సిద్ధమయ్యే క్రమంలో కొన్ని వస్తువుల ధరలు కొన్ని గంటలపాటు తగ్గింపు లేని ధరలకి మారిపోయాయని అందులో ఒప్పుకున్నారు. కొన్నవాళ్ళు మాత్రం దాన్ని వేరేలా అర్థం చేసుకున్నారు, ముందు పెంచి తర్వాత తగ్గించారని. ఏది ఏమైనా, గీత కొట్టిన అంకె మీద దేశమంతా ఒక్కసారి అనుమానపడిన రోజు అదే. అంత గొడవ జరిగినా సేల్ ఆగిందా? మరుసటేడాది ఒక్క రోజు కాస్తా చాలా రోజులైంది, అమెజాన్ కూడా గ్రేట్ ఇండియన్ ఫెస్టివల్ మొదలుపెట్టింది.

ప్రభుత్వం నెమ్మదిగా వెనకాలే వచ్చింది. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ మార్కెట్‌లు ధరల్ని తాము ప్రభావితం చెయ్యకూడదని 2016లో నిబంధన పెట్టింది. 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు వచ్చాయి. పదమూడు రకాల మాయల్ని అందులో పేరుపెట్టి చెప్పారు. సరుకు దండిగా ఉన్నా "రెండే మిగిలాయి" అని తొందరపెట్టడం వాటిలో ఒకటి. ఇలాంటివి ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అయితే యూరప్ వాళ్ళు అసలు చోటే పట్టుకున్నారు. 2022 మే నుంచి అక్కడ తగ్గింపు ప్రకటిస్తే, అంతకు ముందు ముప్పై రోజుల్లో ఉన్న అతి తక్కువ ధరతో పోల్చి చెప్పాలి. మన దగ్గర అలాంటి లెక్క లేదు కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి. సేల్‌కి మూడు వారాల ముందే కావాల్సిన మోడల్ పేజీ తెరిచి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఖర్చేం లేదు. మోడల్ నంబర్ పూర్తిగా కనిపించాలి సుమా. ఒక్క అక్షరం తేడాతో స్పీకర్లు తక్కువున్న మోడల్ ఉండొచ్చు.

ఇంకో మలుపు ఈమధ్యదే. 2025 సెప్టెంబరు 22న ఏసీలు, 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పెద్ద ఆన్‌లైన్ సేల్స్ సరిగ్గా ఆ మర్నాడు మొదలయ్యాయి. పన్నుకి ముందు 30,000 ఉన్న ఏసీ 38,400 నుంచి 35,400కి దిగాలి. ఆ మూడు వేలూ పన్ను తగ్గడం వల్ల వచ్చినవి, కోఠిలో గుజరాతీ గల్లీలో కొన్నా రావాల్సినవే. ఫోన్లు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అప్పటికే 18లో ఉన్నాయి, వాటికి ఆ రోజు మారిందేం లేదు. పోస్టర్ల మీద మాత్రం అన్నీ కలిపే వేశారు.

చివరగా ఏసీ కొనేవాళ్ళకి ఒక్క మాట. నక్షత్రాల లెక్క కూడా కాలాన్ని బట్టి మారుతుంది. 2022 జూలైలో ప్రమాణాలు కఠినం చేసినప్పుడు అంతకు ముందు ఐదు నక్షత్రాలున్న ఏసీ నాలుగుకి దిగింది. అలాంటి మార్పు దగ్గర పడితే పాత సరుకు గోదాముల్లోంచి చవగ్గా బయటికొస్తుంది. చవకే, మోసం కాదు. కాకపోతే ఆ నక్షత్రాలు ఏ కాలానికి చెందినవో స్టిక్కర్ మీదే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి, ఆ తేదీలు చదివి అప్పుడు ఆర్డర్ పెట్టండి.