పొగడ్తలు, నిరాశలు: వీడియో గేముల నలభై ఏళ్ల సింహావలోకనం

వీడియో గేముల చరిత్రలో గొప్పదని పేరుపడ్డ ప్రతి గేము విషయంలోనూ ‘అంతగా పొగడాల్సింది అందులో ఏముంది?’ అని అడిగిన ఆటగాళ్లు ఉన్నారు. ఆ ప్రశ్నను కుర్రవాళ్ల గొడవగా కొట్టిపారేయడం తేలిక. కానీ నలభై ఏళ్లు వెనక్కి చూస్తే ఆ ఒక్క ప్రశ్నలో మూడు వేర్వేరు ఫిర్యాదులు కనిపిస్తాయి. చెప్పిందొకటి, చేతికిచ్చిందొకటి అన్నది మొదటిది. ఒకప్పటి కొత్తదనం పాతబడిపోయిందన్నది రెండోది. ఉన్నదాన్నే రంగు మార్చి మళ్లీ అమ్ముతున్నారన్నది మూడోది. ఈ మూడింటినీ ‘ఓవర్‌రేటెడ్’ అనే ఒకే ముద్ర కిందికి తోసేస్తే ఏ గేముకూ న్యాయం జరగదు, ఏ కంపెనీకీ బుద్ధి రాదు.

అటారీ నేర్పిన పాఠం

మొదటి ఫిర్యాదు 1982లోనే గట్టిగా వినిపించింది. అంతకు రెండేళ్ల ముందు జపాన్‌లో నామ్కో కంపెనీ కోసం తోరు ఇవతాని రూపొందించిన ప్యాక్‌మ్యాన్ ఆర్కేడ్లను ఊపేసింది. ఇక ఇంట్లో టీవీ మీదే ఆడుకోవచ్చని అటారీ ఊరించి, తన 2600 కన్సోల్ కోసం కోటికి పైగా కార్ట్రిడ్జ్‌లు తయారు చేయించింది. ఆ యంత్రంలో ఉన్న మెమరీ 128 బైట్లు. పాత్రల బొమ్మలు రెండింటినే అది నేరుగా గీయగలదు. అందుకని ప్రోగ్రామర్ టాడ్ ఫ్రై నాలుగు దయ్యాలనూ వంతులవారీగా గీయించాల్సి వచ్చింది. తెరమీద అవి మిణుకుమిణుకుమంటూ వెలిగి ఆరాయి. డెబ్భై లక్షలకు పైగా కాపీలు అమ్ముడై, ఆ కన్సోల్ గేముల్లో అమ్మకాల్లో మొదటి స్థానం దానిదే అయింది. అయినా ఆర్కేడ్‌లో ఆడి వచ్చినవాళ్లకు మిగిలింది నిరాశే.

అదే ఏడాది చివర్లో స్పీల్‌బర్గ్ సినిమా ఆధారంగా ఈటీ గేము వచ్చింది. క్రిస్మస్ అమ్మకాలకు అందించాలని హోవార్డ్ స్కాట్ వార్షాకు ఇచ్చిన గడువు అయిదు వారాలు. అమ్ముడుపోని సరుకును 1983లో న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో దగ్గర గొయ్యి తీసి పూడ్చారు. 2014లో తవ్వినప్పుడు ఈటీతో పాటు అటారీ ఇతర గేములూ బయటపడ్డాయి. పరిశ్రమను ముంచింది ఒక్క ఈటీయే అన్న కథ అందుకే సరికాదు. అమెరికాలో 1983లో సుమారు 320 కోట్ల డాలర్లున్న గేముల వ్యాపారం 1985కల్లా పది కోట్లకు పడిపోయిందంటే, నాసిరకం గేములు గుట్టలుగా పోగుపడి, పెట్టె మీది బొమ్మను నమ్మి కొన్నవాళ్లు ఇక కొనడం మానేశారన్నమాట.

ఆ నమ్మకాన్ని తిరిగి నిలబెట్టింది నింటెండో. 1985లో అమెరికాలో అడుగుపెట్టినప్పుడు కార్ట్రిడ్జ్‌ల మీద నాణ్యత ముద్ర వేసింది. బయటి కంపెనీలు ఏడాదికి అయిదు గేములకు మించి విడుదల చేయకూడదని కట్టడి చేసింది. అయితే 1988లో నింటెండో పవర్ పత్రికను కూడా తానే మొదలుపెట్టింది. గేము చేసినవాడే దాన్ని మెచ్చుకునే పత్రికనూ నడపడం అక్కణ్నుంచి పిల్లలకు సహజంగా కనిపించింది.

పాతబడటం నేరం కాదు

1990ల గొప్ప గేముల మీద వచ్చే విమర్శల్లో చాలావరకు రెండో రకానివి. 1993లో రాండ్, రాబిన్ మిల్లర్ సోదరులు తీసుకొచ్చిన మిస్ట్ అరవై లక్షలకు పైగా అమ్ముడై, ద సిమ్స్ దాటేదాకా పీసీ గేముల్లో అమ్మకాల రికార్డును నిలబెట్టుకుంది. ‘ఇది గేమా, బొమ్మల స్లైడ్‌షోనా?’ అని వెక్కిరించినవాళ్లు అప్పుడూ ఉన్నారు. కానీ కాల్చడం, చావడం లేకుండా నిర్జన ద్వీపంలో తిరుగుతూ చిక్కుముళ్లు విప్పుకోవడం అప్పటి జనానికి కొత్త అనుభవం. సీడీ రామ్ డ్రైవ్ కొన్న ఇంట్లో ముందుగా చూపించుకున్న గేముల్లో అదొకటి. ఆ డ్రైవే కనుమరుగైన కాలంలో పుట్టినవాడికి అందులోని ఆశ్చర్యం అందకపోతే అది మిస్ట్ లోపం కాదు.

1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 కథ కొంచెం క్లిష్టం. కార్ట్రిడ్జ్‌లో చోటు చాలక స్క్వేర్ కంపెనీ నింటెండోను వదిలి సోనీ ప్లేస్టేషన్‌కు వెళ్లి, మూడు సీడీల్లో దాన్ని విడుదల చేసింది. అమెరికాలో టీవీ ప్రకటనలు సినిమాలాంటి దృశ్యాలనే ఎక్కువగా చూపించాయి. గేములో నడిచే పాత్రలు మాత్రం దిమ్మెల్లాంటి చేతులతో మొరటుగా ఉంటాయి. ఆ మేరకు ఫిర్యాదు న్యాయమే. కానీ కథలోని ఎరిత్ అనే పాత్ర మరణం దగ్గర ఏడ్చిన ఆటగాళ్ల అనుభవం ఏ ప్రకటనా కొని ఇచ్చింది కాదు. జపాన్ తరహా రోల్ ప్లేయింగ్ గేములకు పశ్చిమ దేశాల్లో పెద్ద తలుపు తెరిచిందీ అదే.

1998లో వచ్చిన జెల్డా సిరీస్ గేము ఒకరీనా ఆఫ్ టైమ్‌కు జపాన్ పత్రిక ఫామిత్సు తొలిసారిగా నలభైకి నలభై మార్కులు వేసింది. త్రీడీ లోకంలో శత్రువు మీద చూపును కట్టిపడేసి పోరాడే పద్ధతిని ఆ గేము స్థిరపరిచింది. తర్వాత వచ్చిన లెక్కలేనన్ని యాక్షన్ గేములు దాన్ని తీసుకున్నాయి. వాటిని ముందు ఆడి, ఆపైన ఒకరీనా పట్టుకున్నవాడు ‘ఇందులో కొత్తేముంది?’ అంటాడు. వెలుగు చూసిన ఏడాదిలో నిలబెట్టి చూస్తేనే ఆ గేము ఎత్తు తెలుస్తుంది.

మార్కుల రాజ్యం

2001లో మెటాక్రిటిక్ వచ్చి అందరి సమీక్షలనూ కలిపి ఒకే అంకెగా మార్చింది. 2008లో గ్రాండ్ తెఫ్ట్ ఆటో 4కు అక్కడ వచ్చింది 98. ఆ గేములోని నగరం లిబర్టీ సిటీ నిర్మాణం నిజంగానే అద్భుతం. కానీ నెలలు గడిచాక బరువుగా కదిలే కార్ల గురించి, బౌలింగ్‌కు రమ్మంటూ కథానాయకుడికి ఆగకుండా వచ్చే ఫోన్ల గురించి ఆటగాళ్లు విసుక్కున్నారు. విడుదల సంబరంలో రాసిన సమీక్షలకూ, తీరిగ్గా వారాల తరబడి ఆడినవాళ్ల మాటకూ మధ్య ఎడం అక్కడ స్పష్టంగా కనిపించింది.

అదే సిరీస్‌లో అంతకుముందు వచ్చిన వైస్ సిటీని మన తెలుగు ఊళ్లలో నెట్ సెంటర్ల కంప్యూటర్ల మీద ఆడిన తరం ఒకటుంది. వాళ్లలో చాలామందికి మార్కులు తెలియవు, ట్రైలర్లు చూసింది లేదు. పక్క కుర్చీలో కూర్చున్నవాడు ఆడుతుంటే చూసి నేర్చుకున్నారు. వాళ్ల ఇష్టాన్ని ఎవరూ ముందుగా తయారు చేసి పెట్టలేదు. అందుకే వాళ్ల మాటకు విలువ ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

మార్కులు ఉద్యోగాల మీదా ప్రభావం చూపాయి. 2007లో గేమ్‌స్పాట్‌లో కేన్ అండ్ లించ్ గేముకు తక్కువ మార్కులు వేశాక జెఫ్ గెర్స్ట్‌మన్ ఉద్యోగం కోల్పోయారు. ఆ సైటులో అదే గేము ప్రకటనలు నడుస్తున్న సమయమది. ఆ సమీక్షకూ తన తొలగింపుకూ సంబంధముందని 2012లో ఆయన బయటపెట్టారు. 2010లో ఫాల్అవుట్ న్యూ వేగస్ చేసిన అబ్సిడియన్ సంస్థకు మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ ఇస్తామని ఒప్పందం. వచ్చింది 84. ఆ సిరీస్ మొత్తంలో అదే ఉత్తమమని ఇప్పుడు వాదించే అభిమానులు కోకొల్లలు.

ఏడాదికొకటి

మూడో ఫిర్యాదు సిరీస్‌ల మీద. 2007లో మోడర్న్ వార్‌ఫేర్‌తో కాల్ ఆఫ్ డ్యూటీ షూటింగ్ గేముల దారినే మార్చింది. ఆ తర్వాత ఏటా తప్పకుండా కొత్త గేము రావడంతో విసుగు పేరుకుంది. 2016లో ఇన్ఫినిట్ వార్‌ఫేర్ ట్రైలర్‌కు యూట్యూబ్‌లో ముప్పై లక్షలకు పైగా డిస్‌లైకులు పడ్డాయి. అయినా ఆ ఏడాది అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన గేము అదే. ఏటా వస్తున్న మరో సిరీస్‌లోని అసాసిన్స్ క్రీడ్ యూనిటీ 2014లో ముఖాలే మాయమయ్యే లోపాలతో వచ్చింది. అమ్మకాలు మొదలై పన్నెండు గంటలు గడిచేదాకా సమీక్షలు ప్రచురించకూడదని యూబీసాఫ్ట్ ఆంక్ష పెట్టింది. ఆ తర్వాత ఆ సంస్థ 2016లో ఆ సిరీస్ ప్రధాన గేము విడుదల ఆపి, వ్యవధి తీసుకుని, 2017లో ఒరిజిన్స్‌తో కోలుకుంది.

ముందే పుచ్చుకున్న డబ్బు

2010లలో ముందస్తు బుకింగులు పెరిగేసరికి మొదటి ఫిర్యాదు మరింత బలంగా తిరిగొచ్చింది. 2016 నాటి నో మ్యాన్స్ స్కై లెక్కకు అందనన్ని గ్రహాలు చూపిస్తానంది. విడుదల రోజునే ఇద్దరు ఆటగాళ్లు గేములో ఒకే చోటికి చేరుకున్నా ఒకరికొకరు కనిపించలేదు. హలో గేమ్స్ అనే ఆ చిన్న బృందం ఏళ్లపాటు ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూ, 2018లో నిజమైన మల్టీప్లేయర్‌ను తెచ్చి మాట నిలబెట్టుకుంది.

పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2012లో ప్రకటించిన సైబర్‌పంక్ 2077 వచ్చింది 2020 డిసెంబర్‌లో. అప్పటికే ఎనభై లక్షల మంది బుక్ చేసుకున్నారు. విమర్శకులకు ముందుగా ఇచ్చింది పీసీ కాపీలు మాత్రమే. వాళ్లు సొంతంగా తీసిన వీడియోలు చూపించడానికి అనుమతి లేదు. పాత ప్లేస్టేషన్ 4 మీద గేము కుంటుతుందన్న సంగతి కొన్నవాళ్లకు కొన్నాకే తెలిసింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. మన దగ్గర మూడు నాలుగు వేల రూపాయలు పోసి ఒక గేము కొనడమంటే కుర్రాడికి చిన్న విషయం కాదు. 2023లో పెద్ద అప్‌డేట్‌తో గేము బాగుపడింది, సంతోషం. కానీ బాగుపడటం మొదటి రోజు జరిగిన దాన్ని చెరిపేయదు.

నిందకూ అతి ఉంది

పొగడ్తలాగే ద్వేషమూ హద్దు దాటుతుంది. 2020 జూన్‌లో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2కు మెటాక్రిటిక్‌లో విమర్శకులు 93 ఇచ్చారు. గేము పూర్తిచేయాలంటే పాతిక గంటలైనా పడుతుంది. విడుదలైన కొద్ది గంటల్లోనే వేలమంది సున్నాలు వేశారు. మొదటి భాగం కథానాయకుడు జోయెల్ మరణం చూసి నొచ్చుకున్నవాళ్ల బాధను అర్థం చేసుకోగలం. ఆడకుండానే తీర్పు చెప్పినవాళ్లను సమర్థించలేం. ఆ ఘటన తర్వాత, విడుదలైన 36 గంటలకు గానీ యూజర్ల మార్కులు తీసుకోకూడదని మెటాక్రిటిక్ నియమం పెట్టింది.

ఇంత చరిత్ర చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఇది. పాతబడిన గేమును దాని కాలంలో పెట్టి చూడటం ఆటగాడి బాధ్యత. మాట తప్పిన గేమును నిలదీయడం ఆటగాడి హక్కు. ఏటా అదే గేమును తిరగరాసి అమ్మేవాళ్లకు తిట్లు సరిపోవని ఇన్ఫినిట్ వార్‌ఫేర్ అమ్మకాలు తేల్చి చెప్పాయి. 1983లోనైనా, 2020లోనైనా కంపెనీలు దారికొచ్చింది కొనేవాళ్లు డబ్బు ఇవ్వడం ఆపినప్పుడో, ఇచ్చిన డబ్బు వెనక్కి అడిగినప్పుడో మాత్రమే. సమీక్షలు రాకముందే చెల్లించడం మానేస్తే ‘ఓవర్‌రేటెడ్’ అని తర్వాత వాపోవాల్సిన గేముల సంఖ్య సగానికి సగం తగ్గుతుంది.