నీటి మీద గీసిన గీత

నిలకడ లేని మాటను ‘నీటి మీద రాత’ అనడం మనకు అలవాటు. రాసిన వేలు పక్కకు జరిగేలోగా చెరిగిపోయేది ఏపాటి రాత అని దాని భావం. ఈ జాతీయానికి అర్థం చెప్పి, సొంతవాక్యంలో ప్రయోగించమని ముప్పై యేళ్ళకు పైగా పిల్లలను అడుగుతూ వచ్చినవాణ్ణి. ఉద్యోగ విరమణ తరువాత, 2024 వేసవిలో, అమెరికాలోని మేరీలాండు రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట ఉండగా, నీటి మీద కూడా గట్టి గీతలు గీస్తారనీ, పెద్ద పెద్ద ఓడలు సైతం వాటిని దాటవనీ తెలుసుకున్నాను. ఆ గీతల చరిత్రను కొంత చదివాను. చదివినది మీతో పంచుకోవాలనిపించింది.

ఆ యేడు మార్చి 26వ తేదీ తెల్లవారుజామున బాల్టిమోర్ రేవు నుండి కొలంబోకు బయలుదేరిన ‘డాలీ’ అనే సరకుల ఓడ, దారిలో విద్యుత్తు ఆగిపోయి అదుపు తప్పి, ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని ఢీకొన్నది. 1977లో తెరిచిన ఆ ఉక్కు వంతెన క్షణాలలో నీళ్ళలోకి కూలిపోయింది. కూలిన భాగాలలో ఒకటి, సుమారు 500 అడుగుల పొడవైనది, ఓడ ముందుభాగం మీదనే పడి ఉండిపోయింది. దాన్ని చిన్న చిన్న పేలుళ్ళతో ముక్కలుగా తెంచి నీళ్ళలోకి పడగొట్టాలని నిశ్చయించారు. ఆ సమయంలో 2,000 గజాల పరిధిలోకి ఏ పడవా, ఏ ఓడా రాకూడదని ఆజ్ఞ వెలువడింది. అంటే సుమారు 1.8 కిలోమీటర్ల వ్యాసార్ధంతో పటాప్‌స్కో నది మీద ఒక వృత్తం గీశారన్నమాట.

అమెరికాలో ఇటువంటి ఆజ్ఞ ఇచ్చే అధికారం కోస్ట్ గార్డ్ వారిది. ప్రతి రేవు ప్రాంతానికీ ‘కెప్టెన్ ఆఫ్ ది పోర్ట్’ అనే అధికారి ఉంటాడు. ఏ బిందువు కేంద్రంగా, ఎంత దూరం, ఏ రోజు ఏ గంట నుండి ఏ గంట వరకు, ఎవరి అనుమతితో లోపలికి రావచ్చు అనే వివరాలన్నీ అందులో స్పష్టంగా ఉంటాయి. మన రాజపత్రం వంటి ఫెడరల్ రిజిస్టర్‌లో వాటిని ప్రకటిస్తారు. ఓడల రేడియోలలో చదివి వినిపిస్తారు. గడువు తీరగానే ఆ శాసనం తనంత తానే రద్దయిపోతుంది. కొన్ని గంటల ఆయుర్దాయం గల చట్టం! మన జాతీయం పూర్తిగా తప్పు కాదు, చెరిగిపోయే రాతే. కానీ చెరిగిపోయేలోగా కొన్ని ప్రాణాలను కాపాడే రాత.

గీత అనగానే మనకు లక్ష్మణరేఖ గుర్తుకు వస్తుంది. అది వాల్మీకి రామాయణంలో లేదని పండితులందరికీ తెలిసినదే అయినా, జనుల మనసులలో చెరగకుండా ఉన్నది. ఆ రేఖ లోపల ఉన్నవారికి రక్ష, ఆపద బయట. ఈ నీటి గీత అందుకు సరిగ్గా విలోమం. ఆపద లోపల ఉంటుంది, రక్ష బయట ఉన్నవారికి. కనుక ఇక్కడ పుట్టే ప్రశ్న వేరు: గీత గీసిన తరువాత లోపల మిగిలేది ఎవరు?

ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని కొంచెం వెనక్కు వెళ్దాం.

న్యూయార్కులో ఈస్ట్ రివర్ అనేది పేరుకే నది. నిజానికి రెండు వైపులా సముద్రం గల పాయ. ఆ రెండు వైపుల పోటుపాట్లు వేర్వేరు వేళల్లో వచ్చి, ఇరుకైన ఒక మలుపు దగ్గర ఒరుసుకుంటాయి. ఆ మలుపుకు ‘హెల్ గేట్’ అని పేరు. ఇంగ్లీషులో నరకద్వారం అనిపించే ఆ పేరు డచ్చివారి మాట నుండి వచ్చింది. 1614లో ఏడ్రియన్ బ్లాక్ అనే డచ్చి నావికుడు దాన్ని దాటాడు. 1780లో ‘హుస్సార్’ అనే బ్రిటిషు యుద్ధనౌక అక్కడి రాతికి తగిలి మునిగిపోయింది. నీటి కింద దాగిన బండలు, పైన సుడులు. ఏటేటా ఎన్నో ఓడలు అక్కడ దెబ్బతినేవి.

ఆ రాళ్ళను తొలగించే పని చివరకు సైనిక ఇంజనీరు జాన్ న్యూటన్ చేతికి వచ్చింది. ఆయన పద్ధతి ఆశ్చర్యకరం. పైనుండి పగులగొట్టడం కాదు; ఒడ్డున బావి తవ్వి, నీటి అడుగున ఉన్న రాతి లోపలికి సొరంగాలు తొలిపించి, పైకప్పును మోయడానికి రాతి స్తంభాలు మాత్రం వదిలి, ఆ స్తంభాలలోనూ కప్పులోనూ మందు కూర్పించాడు. హాలెట్స్ పాయింట్ అనే చోట 1869లో మొదలైన ఈ పని ఏడేళ్ళు సాగింది. 1876 సెప్టెంబరు 24, ఆదివారం మధ్యాహ్నం, సుమారు 50,000 పౌనుల మందు ఒక్కసారిగా పేలింది. దానికి ముందు సొరంగాలలోకి నీరు వదిలిపెట్టారు, పేలుడు శక్తి పైకి చిమ్మకుండా రాతి మీదనే పనిచేయడానికి.

ఊరు కదిలిపోతుందనీ, ఇళ్ళు కూలుతాయనీ జనం ఎంతో బెదిరారు. ఆ బెదురును పోగొట్టడానికి న్యూటన్ ఎన్ని లెక్కలు చూపినా చాలకపోయేదేమో. ఆయన తన పసికూతురు మేరీ చేత విద్యుత్ మీట నొక్కించాడు. మందు పేలింది. జనం భయపడినంత ఏమీ జరగలేదు. చరిత్రకారులు దీన్ని ముచ్చటగా చెప్పుకుంటారు కానీ, నాకు అందులో ముచ్చట కంటె ఎక్కువే కనిపిస్తుంది. తాను గీసిన హద్దు మీద తనకు నమ్మకముందని చెప్పడానికి ఆయన తన బిడ్డను ఆ చోట నిలిపాడు.

తొమ్మిదేళ్ళ తరువాత, 1885 అక్టోబరు 10న, అదే మేరీ మళ్ళీ మీట నొక్కింది. ఈసారి ఫ్లడ్ రాక్ అనే తొమ్మిది ఎకరాల బండ. దాని లోపల సుమారు నాలుగు మైళ్ళ సొరంగాలు, వాటిలో మూడు లక్షల పౌనులకు దగ్గరగా మందు. నీరు రెండు వందల అడుగులకు పైగా లేచింది. సుమారు 50 మైళ్ళ దూరాన ఉన్న ప్రిన్స్‌టన్‌లో సైతం భూమి కదలిక తెలిసింది. చూడడానికి వేలాది జనం ఒడ్డులకు చేరారు.

ఇక్కడ నీటి స్వభావం గురించి ఒక మాట చెప్పాలి. గాలి నొక్కితే నొక్కుకుంటుంది. నీరు అంతగా నొక్కుకోదు. అందువల్ల పేలుడు తాకిడి గాలిలో త్వరగా సడలిపోయినా, నీటిలో చాలా దూరం పోతుంది. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు, అంటే గాలిలో కంటె నాలుగు రెట్లకు పైగా వేగంతో నడుస్తుంది. ఒడ్డున చెవులు మూసుకుంటే సరిపోయే దూరంలో, నీళ్ళలో ఈదేవాడి ప్రాణానికే ముప్పు రావచ్చు. నీటి మీది గీత విశాలంగా ఉండడానికి ఇదొక కారణం. ఎగిరిపడే ముక్కలు, లేచే అలలు మిగిలిన కారణాలు.

కెనడా పడమటి తీరాన సీమూర్ నారోస్ అనే ఇరుకు జలమార్గంలో ‘రిపుల్ రాక్’ అనే జంట శిఖరాల కొండ నీటి అడుగున ఉండేది. దాని మూలంగా 20 పెద్ద ఓడలు, వంద దాకా చిన్న పడవలు దెబ్బతిన్నాయి. కనీసం 114 మంది మరణించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆ రాతి మీద తెప్పను లంగరు వేసి పైనుండి తొలిచే ప్రయత్నం చేశారు. ప్రవాహానికి మోకులు తెగిపోయేవి. ఆ పనిలో ఉన్నవారి పడవ బోల్తాపడి తొమ్మిదిమంది పోయారు. అప్పుడు న్యూటన్ మార్గమే శరణ్యమైంది. 1955 నుండి 1958 వరకు పక్కనున్న మాడ్ ద్వీపంలో బావి దించి, సముద్రం కింది నుండి సొరంగం తొలిచి, శిఖరాల లోపలికి ఎక్కారు. సుమారు 1,270 టన్నుల మందు కూరి, 1958 ఏప్రిల్ 5 ఉదయం 9 గంటల 31 నిమిషాలకు పేల్చారు. చుట్టూ మూడు మైళ్ళ మేర పోలీసులు మనుషులెవరూ లేకుండా చేశారు. కెనడా ప్రజలు దాన్ని టెలివిజనులో ప్రత్యక్షంగా చూశారు. ఎవరికీ ఏమీ కాలేదు. తొమ్మిదిమందిని మింగిన పనిని, గీత సరిగ్గా గీసి, లోపల ఎవరూ లేకుండా చేసి, ముగించారు.

మన దేశంలోనూ ఇటీవల ఇటువంటిది జరిగింది. కొచ్చి దగ్గర మరడులో తీరప్రాంత నిబంధనలకు విరుద్ధంగా కట్టిన నాలుగు అపార్టుమెంటు సముదాయాలను సుప్రీంకోర్టు ఉత్తరువు మేరకు 2020 జనవరి 11, 12 తేదీలలో పేల్చివేశారు. అవి బ్యాక్‌వాటర్స్ ఒడ్డున ఉండడం వల్ల రోడ్లతో పాటు జలమార్గాన్ని కూడా కొంతసేపు మూశారు. ఒక భవనం శిథిలాలలో కొంత నీళ్ళలోనే పడింది. అక్కడ పడవ ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఇక తిరిగి బాల్టిమోరుకు.

పేలుడు మొదట మే 12, ఆదివారం అనుకున్నారు. పిడుగుల భయం వల్ల మరునాటికి వాయిదా పడింది. 13వ తేదీ సాయంకాలం ఐదు గంటల ప్రాంతంలో మా అమ్మాయి, అల్లుడు, నేను టీవీ ముందు కూర్చున్నాము. ఆకాశం మబ్బుగా ఉన్నది. నది నిర్మానుష్యంగా ఉన్నది. వృత్తం ఎంత చక్కగా పనిచేసిందని నేను మెచ్చుకుంటుండగా అల్లుడు మెల్లగా అన్నాడు: “మావయ్యగారూ, ఆ ఓడలో మనుషులున్నారండీ. మనవాళ్ళే.”

నిజమే. ఓడ సిబ్బంది 21 మంది. వారిలో 20 మంది భారతీయులు, ఒకరు శ్రీలంక దేశస్థుడు. మార్చి 26 నుండి వారు ఆ ఓడలోనే ఉన్నారు. దర్యాప్తులు, వీసాల చిక్కులు, ఓడను కనిపెట్టి ఉండవలసిన బాధ్యత, ఇవన్నీ కలిసి వారిని దిగనివ్వలేదు. ఏప్రిల్‌లో దర్యాప్తు అధికారులు వారి ఫోన్లు కూడా తీసుకుపోయారు. నావికుల సంక్షేమం చూసే స్థానిక సంస్థలవారు వేరే ఫోన్లు, తినుబండారాలు అందించారు. పేలుడు వేళ వారిని ఓడ లోపలి భాగంలోనే ఉండమన్నారు. యంత్రాలను చూసుకోవడానికి సిబ్బంది అవసరమన్నారు. మందు పాళ్ళు చాలా చిన్నవనీ, లోపల ప్రమాదం లేదనీ లెక్కగట్టారు. ఆ లెక్క తప్పలేదు. ఉక్కు దూలాలు కొన్ని సెకన్లలో తెగి నీళ్ళలో కూలాయి. ఎవరికీ గాయాలు కాలేదు. మే 20న ఓడ కదిలింది. జూన్ 10 నాటికి 700 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతు గల ఓడల దారి పూర్తిగా తెరుచుకున్నది.

లెక్క సరిపోయిందన్నది నిజం. అయినా ఆ సాయంకాలం 2,000 గజాల గీతకు బయట నగరమంతా ఉండగా, కేంద్రబిందువు దగ్గర 21 మంది ఉన్నారన్నది కూడా నిజమే.

ఈ కథలో అంతకు ముందే గీసిన మరొక గీత ఉన్నది. మార్చి 26 రాత్రి ఓడ నుండి ఆపద సందేశం రాగానే పోలీసులు వంతెన రెండు చివరలా వాహనాలను ఆపివేశారు. ఆ నిమిషంన్నర వ్యవధిలో ఎందరి ప్రాణాలో నిలిచాయి. కానీ వంతెన మీద గుంతలు పూడుస్తున్న కూలీలు గీతకు లోపలే ఉండిపోయారు. వారికి చెప్పడానికి ఒకరు వెళ్ళేలోపు వంతెన లేదు. ఆరుగురు మరణించారు, మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడోర్ దేశాల నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చినవారు. ఆరవ మృతదేహం మే 7న గాని దొరకలేదు. జాతీయ రవాణా భద్రతా మండలి 2025 నవంబరులో తన నిర్ణయాలు వెలువరిస్తూ, ఓడలో వదులైన ఒక తీగ వల్ల విద్యుత్తు పోయిందని తేల్చింది. పోలీసులకు చెప్పినప్పుడే కూలీలకు కూడా చెప్పగలిగి ఉంటే, వారు వంతెనలో కూలని భాగానికి చేరే వ్యవధి ఉండేదేమో అని కూడా అన్నది.

ఇది చదివినప్పుడు నాకు మా రేవు గుర్తుకు వచ్చింది. మాది గోదావరి లంకగ్రామం. ఇప్పుడు ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. మా చిన్నతనంలో మాకు తెలిసిన హెచ్చరిక ఒక్కటే: రేవులో వెదురుగడకు కట్టిన ఎర్రగుడ్డ. పడవ నడిపే ముసలాయనను మేమందరమూ తాతా అనే పిలిచేవాళ్ళం. ఆయన ఆ గుడ్డ కట్టాడంటే బడి లేదు, సంత లేదు, పెళ్ళివారైనా ఆగవలసిందే. మేము సంతోషంగా ఇళ్ళకు పరుగెత్తేవాళ్ళం. తాత మాత్రం వరద తీసేదాకా పడవలోనే ఉండేవాడు, మోకు తెగితే పడవ పోతుందని. మా అమ్మ ఇచ్చిన అన్నం మూట నేను గట్టు మీదికి తీసుకువెళ్ళి అందించేవాణ్ణి. తిరిగి వస్తూ ఒక్కనాడైనా వెనక్కు చూసిన జ్ఞాపకం లేదు. మమ్మల్ని ఒడ్డున ఉండమన్నవాడు తాను నీళ్ళ మీద ఎందుకున్నాడని అడగాలని కూడా తోచలేదు.

గీతలు గీయవలసిందే. హెల్ గేట్ నుండి బాల్టిమోరు వరకు అవి కాపాడిన ప్రాణాలకు లెక్కలేదు. ఇకమీదట ఎక్కడైనా అటువంటి ప్రకటన కనబడితే, దూరమెంత, సమయమెంత అన్నవి చదివిన తరువాత, లోపల ఎవరున్నారన్నది కూడా వెతుకుతాను. తాతను అడగవలసిన ప్రశ్న అది. ఆయన ఇప్పుడు లేడు.