పొగగొట్టము, నీటి గొట్టము, ఆవిరి

గుంటూరు మిర్చి కోల్డు స్టోరేజీ ప్రక్కగా నడచిన నల్లపాడు విద్యార్థులెవరైనను రెండు సంగతులు గమనించియే యుందురు. కరెంటు పోయినంతనే డీజిలు జనరేటరు ఘోషించి పొగ విడుచును. లోపలి వేడిని మోసికొనివచ్చు గొట్టములపై నీరు జాలువారుచుండును. డేటా సెంటరునందును జరుగునవి ఈ రెండు పనులే. అచట చల్లగా నుంచవలసినవి మిరపకాయలు కావు. రేయింబవళ్లు లెక్కలు కట్టుచు వేడెక్కు యంత్రములు.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నమున ఒక గిగావాటు స్థాయి డేటా సెంటరును నిర్మింతుమని ప్రకటించినది. ఇట్టివాని పొగకు, మురుగునీటికి హద్దు వేయు చట్టములు ఎట్లు పుట్టినవి?

పొగపై చట్టము ముందు వచ్చినది. బొగ్గుపొగతో ఉక్కిరిబిక్కిరియైన కలకత్తా ప్రాంతము కొరకు 1905లోనే బెంగాలు పొగ చట్టము చేయబడినది. నీటి సంగతి వేరు. మన రాజ్యాంగములో నీరు రాష్ట్రముల అధికారములోనిది. అందుచే కొన్ని రాష్ట్రముల శాసనసభలు కోరిన మీదటనే పార్లమెంటు 1974లో జల కాలుష్య నివారణ చట్టమును చేయగలిగినది. ఆంధ్రప్రదేశ్‌లో కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడినది. 1981 నాటి వాయు చట్టమునకు ఈ చిక్కు లేదు. 1972 స్టాక్‌హోం సమావేశ నిర్ణయములను అమలుపరచుటకని పార్లమెంటు దానిని తానే చేసినది. ఒకే మండలి చేతికి రెండు చట్టములు రెండు వాకిళ్లనుండి వచ్చినవన్నమాట!

జనరేటరు పొగగొట్టమునకు కేంద్ర మండలి చెప్పిన సూత్రము తరగతిలో వేయదగిన లెక్క. కట్టడపు ఎత్తుకు, కె.వి.ఎ.ల వర్గమూలములో ఐదవ వంతును మీటర్లుగా కలుపవలెను. 100 కె.వి.ఎ.కు 2 మీటర్లు, 400కు 4 మీటర్లు. శక్తి నాలుగింతలైనను ఎత్తు రెండింతలే. 800 కిలోవాట్లు మించిన యంత్రములకు 2002లో వేరు నియమము వచ్చినది. వాని గొట్టము 30 మీటర్లకు తగ్గరాదు.

ఇక నీరు. చల్లార్చు గోపురములో నీరు ఆవిరియగుకొలది మిగిలిన నీటిలో ఉప్పులు చిక్కబడును. ఆ నీటిని అప్పుడప్పుడు వదలి క్రొత్త నీరు పోయవలెను. నాచు, తుప్పు పట్టకుండ కలిపిన మందులును దానితోనే పోవును. ఇది గొట్టమున పోవును గనుక 1974 చట్టమునకు దొరకును. మండలి సమ్మతి లేనిదే వదలరాదు. ఆవిరి మాత్రము దొరకదు. ఒక మెగావాటు వేడిని కేవలము నీటిని ఆవిరిచేసియే పోగొట్టవలెనన్నచో గంటకు సుమారు 1,500 లీటర్లు, దినమునకు 36,000 లీటర్లు కావలెను. గుప్తోష్ణము నేర్చిన విద్యార్థి దీనిని సరిచూచుకొనవచ్చును.

వాడకమును కొలిచిన చట్టము 1977లో రాకపోలేదు. జాబితాలోని పరిశ్రమలు మీటరు బిగించి, వాడిన నీటికి సెస్సు కట్టవలసి యుండెను. 2017లో జి.ఎస్.టి. వచ్చినపుడు దానిని రద్దుచేసిరి. నా దృష్టిలో ఆ సెస్సుకంటె దానికై పెట్టించిన కొలతయే విలువైనది. భూగర్భజలమునకు మన రాష్ట్రమున 2002 నాటి వాల్టా చట్టము కలదు. 2006లో వెలువడిన పర్యావరణ అనుమతుల జాబితాలోనైతే డేటా సెంటరను పేరే లేదు; 20,000 చదరపు మీటర్లు, ఆపైబడిన కట్టడములలో నొకటిగా అది లెక్కకు వచ్చినది.

నీటిని మూసిన గొట్టములలోనే త్రిప్పుచు గాలితో చల్లార్చు పద్ధతియు కలదు. అందు నీరు మిగులును. మే నెల ఎండలో విద్యుత్తు మాత్రము హెచ్చుగా పట్టును.