పడకగది కిటికీ వెనక కథ

పాత తెలుగిళ్ల గురించి చదివితే నట్టిల్లు, వసారా, అరుగు, పెరడు అనే మాటలే తరచు కనిపిస్తాయి, పడకగది తక్కువ. మగవాళ్లు అరుగు మీదో ఆరుబయటో మంచం వాల్చుకునేవారు. లోపలి చీకటి గది మాత్రం ఆడవాళ్లది. పురుడైనా, జబ్బయినా అక్కడే. ఆ గదికి కిటికీ ఉండాలన్న సంగతి ప్రభుత్వాలకు ఎప్పుడు పట్టింది?

మన హైదరాబాదులో ఈ కథ వరదతో, ప్లేగుతో మొదలైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసుకుపోయింది. ఆ వరద అనగానే విశ్వేశ్వరయ్యగారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గుర్తొస్తాయి కదా. 1911లో ప్లేగు కూడా వచ్చింది. అంతకుముందే 1896లో బొంబాయిని ప్లేగు పట్టుకుంటే, గాలీ వెలుతురూ లేని ఇరుకు గదులే కారణమని చాలామంది నమ్మారు. 1898లో అక్కడ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు. ప్లేగును మోసేవి ఎలుకల ఒంటిమీది పురుగులని తర్వాత రుజువైంది. అయితేనేం, ఆ నమ్మకం పుణ్యమా అని గదిలోకి వెలుతురు వచ్చింది!

1912లో హైదరాబాదులోనూ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసేసి, రోడ్లు వెడల్పు చేసి, కొత్త ఇళ్లు కట్టింది. పత్తర్‌గట్టిలో మనం చీరలు బేరమాడే కమానుల వరస దాని పనే. ఖైరతాబాద్‌లో సి.ఐ.బి. క్వార్టర్స్ అనే పేరు ఇంకా ఉంది. కూల్చిన ఇళ్లలోని ఆడవాళ్లు ఆ రాత్రి పొయ్యి ఎక్కడ పెట్టుకున్నారో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

తర్వాత 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం. కొత్త ఇల్లు కట్టేవాళ్లు కమిషనర్‌కు ముందుగా తెలపాలని 428వ సెక్షన్, ఉన్న ఇంటికి గది కలిపినా, కప్పును మోసే గోడను తీసి కట్టినా తెలపాలని 433వ సెక్షన్ చెబుతాయి.

ఇదంతా నేను తిరగేయడానికి కారణం మా సైదాబాద్ ఇల్లే. రాత్రిళ్లు వసారా దాటి వెళ్లలేకపోతున్నారని అత్తయ్యగారి గదికి బాత్‌రూమ్ కలుపుదామనుకున్నాం. మేస్త్రీ చూసి, "గీ కిటికీ మూసేసి, ప్రహరీ దాకా ఉన్న సందుల కట్టేద్దామమ్మా. లోపలి పనికి ఎవరడుగుతరు?" అన్నాడు. ఆయాసం మనిషి అత్తయ్యగారు మంచం మీంచే అన్నారు: "కిటికీ లేని గదిలోనే ముగ్గుర్ని కన్నాను. చివరికి కూడా అదే గదా?"

ఆ సందు మన స్థలమే అయినా మన ఇష్టం కాదు. ఇంటి చుట్టూ ఎంత ఖాళీ వదలాలో 2012 నాటి జీవో 168లో ఉంది. పైగా మాది పాత ఇల్లు, గిర్డర్ల మీద షాబాద్ బండలు. బరువంతా గోడల మీదే. అందుకని బాత్‌రూమ్ గది లోపలే మూలకు తీసుకున్నాం. పన్నెండు బై పద్నాలుగు గదిలో నాలుగు బై ఏడు పోతే 140 చదరపు అడుగులు మిగిలాయి. వేడిగా, పొడిగా ఉండే ప్రాంతాల్లో కిటికీలు గదిలో పదో వంతు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ అంటుంది. అంటే పద్నాలుగు అడుగులు. మా కిటికీ నాలుగు బై నాలుగు, సరిపోయింది. బీరువా మాత్రం హాల్లోకి వచ్చి కూర్చుంది.

సున్నాలు, రంగులు, టైల్స్, ఫాల్స్ సీలింగ్, మధ్యలో చెక్క అడ్డుగోడ లాంటివాటికి ఆ కోడ్ ప్రకారం అనుమతి అక్కర్లేదు. గది బయటికి పెరిగినా, పైన గది లేచినా కావాలి. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టంతో 75 గజాల లోపు చిన్న ఇళ్లకు అనుమతి బదులు రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు దాటని ఇళ్లకు మన సొంత హామీ మీదే వెంటనే అనుమతి. ఆ హామీ కాగితం మీద సంతకం ఇంటి యజమానిది, మేస్త్రీది కాదు. ఇల్లు మీ పేరునే ఉంటే, ఆ సంతకం మీదే.